జగదుత్పత్తి: శాస్త్రదృష్టి, శరణదృష్టి



జగత్తు ఎప్పుడు పుట్టినది, దేనినుండి పుట్టినది అను ప్రశ్న మానవజాతి యంత ప్రాచీనమైనది. దీనిని ఋషులు అడిగిరి, శరణులు అడిగిరి, నేడు పదవ తరగతి చదువుచున్న బాలికయు అడుగుచున్నది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి సీమలలోని లింగవంతుల ఇండ్లలోను ఈ ప్రశ్న వినవచ్చుచున్నది. ఉదయము కరతలమున ఇష్టలింగమును నిలిపి పూజించు తాత, "సర్వము శివునినుండియే పుట్టినది" అని చెప్పును. పగలు బడిలో ఉపాధ్యాయుడు, "విశ్వము 1,380 కోట్ల సంవత్సరముల క్రిందట మహావిస్ఫోటముతో ఆరంభమైనది" అని బోధించును. సాయంకాలము ఆ పిల్ల, "తాతా, ఈ రెండింటిలో ఏది నిజము?" అని అడుగును.

దీనికి పెద్దలు సాధారణముగా రెండు విధములైన ప్రత్యుత్తరములు ఇచ్చుచుందురు. "దైవవిషయములందు ఎదురుప్రశ్నలు తగవు" అని కసరుట మొదటిది. "అదంతయు మన గ్రంథములలో వేల ఏండ్లనాడే చెప్పియున్నారు, వారు ఇప్పుడు కనుగొన్నారు" అని గర్వించుట రెండవది. మొదటి ప్రత్యుత్తరము పిల్ల నోరు మూయించును. ఆమె ఇక అడుగదు. లింగమును పెద్దల మాట కొరకు మాత్రమే ధరించును. రెండవ ప్రత్యుత్తరము వినుటకు ఇంపుగా నుండును గాని, అదియే ఎక్కువ హాని చేయును. ఆ పిల్ల పెద్దదై గ్రంథములను విప్పి చూచినప్పుడు అందు ఆ లెక్కలు గాని, ఆ పరిశీలనలు గాని కనిపింపవు. ఒక మాట కల్ల యని తేలిన పిమ్మట, ఆ పెద్దలే చెప్పిన నిజమైన మాటలయందును ఆమెకు నమ్మకము సడలును. కావున ఇది కేవలము పండితుల వాదము కాదు. రాబోవు తరమునకు లింగముపై నిష్ఠయు, విద్యపై గౌరవమును రెండును నిలుచునా, లేక ఒకదాని కొరకు వేరొకటి విడువవలసి వచ్చునా యనునది ఇక్కడి చిక్కు.

మొదట ధర్మము చెప్పినదేమో విచారింతము.

ఋగ్వేదము పదవ మండలములోని నాసదీయ సూక్తము సృష్టికి పూర్వపు స్థితిని గూర్చి ప్రశ్నించి, నిశ్చయముగా ఏమియు చెప్పక, సృష్టికి అధ్యక్షుడైన వానికైనను ఇది తెలియునో లేదో యను సంశయముతో ముగియును. వేదమే సంశయమునకు చోటిచ్చినదని గ్రహింపవలెను. తైత్తిరీయోపనిషత్తు ఆత్మనుండి ఆకాశమును, పిదప వరుసగా వాయువును, అగ్నిని, జలమును, పృథివిని చెప్పినది. వీరశైవ సిద్ధాంతము పరశివుని నామరూపములు లేని నిష్కల తత్త్వమని చెప్పును. ఆ స్థితికే శూన్యమని పేరు. అల్లమప్రభువు దానినే బయలు అనెను. శూన్యమనగా ఏమియు లేకుండుట కాదు, ఇది యని అది యని విడదీసి చూపుటకు వీలుకాని నిండుదనము. అట్టి పరశివుడు తనలోని శక్తి కదలిక చేత లింగమనియు అంగమనియు రెండైనాడు. లింగము ఉపాస్యము, అంగము ఉపాసకుడు. శివతత్త్వము మొదలు పృథివి వరకు ముప్పదియారు తత్త్వములును ఆ శక్తి విస్తారమే. శక్తిని విడిచి శివుడు లేడు గనుకనే ఈ మతమునకు శక్తివిశిష్టాద్వైతమని పేరు వచ్చినది. సమస్తము దేనియందు లయించి దేనినుండి మరల వెలువడునో అదియే లింగమని పెద్దలు నిర్వచించిరి.

ఈ తత్త్వమును తెలుగువారికి తెలుగులో అందించిన మహనీయుల సీమ ఇదియే. పాలకుర్తి జనగామ జిల్లాలోనిది. బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని స్వస్థలముగా అది తెలుగునాట ప్రసిద్ధము. రేణుకాచార్యుల ఆవిర్భావ స్థానమని వీరశైవులు కొలుచు కొలనుపాక జనగామకు చేరువనే కలదు. పాలకుర్తి ప్రక్కనే యున్న బమ్మెర పోతనామాత్యునిది. లోకములును లోకపాలకులును అంతరించిన తరువాతి గాఢాంధకారమునకు ఆవల వెలుగు దైవమును ఆపన్నుడైన గజేంద్రుని నోట పలికించినవాడు ఆయనయే. జగత్తు ఆద్యంతములను గూర్చిన చింత ఈ నేలకు క్రొత్త కాదు.

అయితే ఒక మాట గుర్తుంచుకొనవలెను. గురువులు ఈ సృష్టిక్రమమును ఎవరికి చెప్పిరి, ఎందులకు చెప్పిరి? సాధకునికి చెప్పిరి. పరశివునినుండి పృథివి వరకు దిగివచ్చిన మెట్లు చెప్పినది, ఆ మెట్ల మీదుగా తిరిగి ఎక్కుటకు. భక్తుడు, మహేశ్వరుడు, ప్రసాది, ప్రాణలింగి, శరణుడు, ఐక్యుడు అను షట్‌స్థలములు ఆ తిరుగు ప్రయాణపు మజిలీలు. జగత్తు పుట్టినతేదీ తెలుపుటకు ఆ వర్ణన పుట్టలేదు. వచ్చిన చోటికి చేరు దారి తెలుపుటకు పుట్టినది. పంచభూతములును రసాయనశాస్త్రపు మూలకములు కావు. నీరు రెండు మూలకముల కలయిక యని, అగ్ని ఒక ప్రక్రియ యని నేడు బాలురకు సైతము తెలియును. అంతమాత్రమున పంచభూతముల మాట అసత్యము కాలేదు. చెవికి, చర్మమునకు, కంటికి, నాలుకకు, ముక్కునకు జగత్తు ఎట్లు అందుచున్నదో తెలుపు విభాగమది. అనుభవమును కొలుచు కొలత వేరు, పదార్థమును కొలుచు కొలత వేరు.

ఇక విజ్ఞానశాస్త్రము చెప్పినదేమి? అది చెప్పినదానికంటె, దానికి ఎట్లు తెలిసినదో వినుట మేలు. ఆ కథలో తెలుగునేలకును పాలు కలదు.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు, దానిని పరిశీలించుటకు జాన్సెన్ అను ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. ఆ గ్రహణవేళ సూర్యుని అంచున లేచిన జ్వాలల వెలుగును పట్టకము ద్వారా విడదీసి పలువురు పరిశీలించిరి. అందొక పసుపుగీత కనిపించినది. అది అప్పటికి తెలిసిన ఏ మూలకమునకును సరిపోలేదు. క్రొత్త మూలకమేదో సూర్యునియందున్నదని తలచి, సూర్యుని గ్రీకు పేరును బట్టి దానికి హీలియమని పేరిడిరి. భూమిపై అది 1895 వరకు చిక్కలేదు. జగదాదిని గూర్చిన సాక్ష్యములలో ఆ హీలియము ముఖ్యమైనదని నాడు ఎవరికిని తెలియదు. హైదరాబాదులోని నిజామియా వేధశాల వారు 20వ శతాబ్ది పూర్వభాగమున, పలు దేశములు కలిసి తలపెట్టిన ఆకాశపటము కొరకు ఏడు లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములను ఓపికగా కొలిచి పట్టికలు వేసిరి. జ్ఞానము ఒకనాటి మెరుపు కాదు. అది అనేకుల కాయకము.

జనగామ స్టేషనులో ఆగక పోవు రైలు కూతను విన్నవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. రైలు దగ్గరకు వచ్చునప్పుడు కూత సన్నగా హెచ్చుస్థాయిలో నుండును. దాటి దూరమగునప్పుడు స్థాయి తగ్గి బొంగురుపోవును. దూరముగా పోవు వస్తువు వెలుగును అట్లే ఎరుపు వైపునకు జరుగును. దూరపు నక్షత్రమండలముల వెలుగు అట్లు ఎరుపునకు జరిగియున్నదనియు, ఎంత దూరమున నున్నవి అంత వేగముగా తొలగిపోవుచున్నవనియు 1929లో హబుల్ ప్రకటించెను. దీని అర్థమును అంతకు పూర్వమే, 1927లో, లెమైత్రు అను బెల్జియము దేశీయుడు గణితముతో చెప్పియుండెను. విశ్వమునకు విశ్వమే విస్తరించుచున్నది. విస్తరించుచున్నదానిని కాలమున వెనుకకు త్రిప్పి చూచినచో ఒకనాడు సమస్తము అత్యంత సాంద్రమై, అత్యంత ఉష్ణమై యుండవలెను. దీనికే మహావిస్ఫోటమని పేరు వచ్చినది. ఆ పేరు కొంత తప్పుదారి పట్టించును. ఖాళీ ప్రదేశమున పేలిన బాంబు వంటిది కాదది. స్థలమే విచ్చుకొనుట అది.

ఆనాటి వేడి యొక్క శేషము నేటికిని ఉండవలెనని కొందరు లెక్కించిరి. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అను ఇరువురు తమ రేడియో యంత్రమున ఎడతెగని సన్నని రొద విని, మొదట తమ యంత్రమునే శంకించిరి. అందు గూడు కట్టిన పావురముల రెట్టను సైతము కడిగి చూచిరి. రొద పోలేదు. ఏ దిక్కునకు త్రిప్పినను ఒకే తీరుగా వచ్చుచున్న ఆ రొద విశ్వపు శైశవకాలపు వెలుగు యొక్క శేషమని 1965లో తేలినది. పూర్వకాలపు టెలివిజనులలో ప్రసారము లేని వేళ తెరపై ఆడు చుక్కలలో కొంత భాగము ఆ వెలుగుదే.

శాస్త్రజ్ఞులు చెప్పు క్రమమిది. మొదటి కొద్ది నిమిషములలో పదార్థమునందు ఇంచుమించు మూడువంతులు హైడ్రోజన్, ఒకవంతు హీలియము ఏర్పడినవి. గుంటూరు గ్రహణమున గీత చూపిన హీలియము ఇదియే. సుమారు 3,80,000 సంవత్సరములకు వేడి తగ్గి వెలుగు అడ్డులేక ప్రసరించినది. పది యిరువది కోట్ల సంవత్సరములు గడచిన పిమ్మట తొలి నక్షత్రములు వెలిగినవి. వాని గర్భములలో బొగ్గుమూలకము, ఆమ్లజని, ఇనుము వంటివి వండబడి, అవి విచ్చిపోయినప్పుడు ఆకాశమున వెదజల్లబడినవి. ఆ ధూళినుండి సుమారు 460 కోట్ల సంవత్సరముల క్రిందట సూర్యుడును, 454 కోట్ల సంవత్సరముల క్రిందట భూమియు ఏర్పడినవి.

ఇవి దూరపు మాటలని తోచినచో కాలి క్రింది నేలను చూడవచ్చును. జనగామ పరిసరములలోని గుండ్లు, బండలు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల నాటివి. భూపాలపల్లి గనులలో సింగరేణి కార్మికులు త్రవ్వు బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అరణ్యము. ప్రాణహిత గోదావరుల లోయలో యామన్‌పల్లి వద్ద దొరికిన రాక్షసిబల్లి ఎముకలు కోట్ల ఏండ్లు మట్టిలో నిద్రించి, నేడు హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రమున నిలిచియున్నవి. మహబూబాబాద్ జిల్లా బయ్యారమున కాకతి గణపతిదేవుని సోదరి మైలమ త్రవ్వించిన చెరువును, దాని శాసనమును చూచినవారు కలరు. ఆ బయ్యారపు నేలలోని ఇనుపరాయి ఏ నక్షత్రపు కొలిమిలోనో పుట్టినది. మనిషి నెత్తుటికి ఎరుపునిచ్చు ఇనుమును అక్కడిదే. పెద్దవాని దేహమంతట అది మూడు నాలుగు గ్రాములకు మించదు. ఇష్టలింగమునకు అభిషేకించు ఉద్ధరిణెడు నీటిలోని హైడ్రోజన్ మాత్రము ఏ నక్షత్రము కంటెను పాతది. అది విశ్వపు తొలి ఘడియలలోనిది.

ఇప్పుడు ఈ రెండు మాటలు ఒకే ఇంట ఎట్లు ఇమడవలెను?

పైన చెప్పిన లెమైత్రు క్రైస్తవ మతాచార్యుడు కూడ. 1951 నవంబరులో పన్నెండవ పయస్ పోపు, ఈ శాస్త్ర సిద్ధాంతము తమ మతములోని సృష్టివాదమును బలపరచుచున్నదని సభలో ప్రశంసించెను. లెమైత్రు సంతోషించునని ఎవరైనను అనుకొందురు. ఆయనకు అది సమ్మతము కాలేదు. తన సిద్ధాంతము దేవుని ఉనికిని గూర్చి అవునని గాని కాదని గాని చెప్పదనియు, దానిని మతమునకు ఊతకఱ్ఱగా నిలుపరాదనియు ఆయన ఎంచెను. మరుసటి యేడు ఖగోళశాస్త్రజ్ఞుల యెదుట ప్రసంగించినప్పుడు పోపు ఆ వాదమును మరల ఎత్తలేదు. తన దైవముపై నిండు విశ్వాసము గలవాడే తన దైవమునకు సాక్ష్యముగా తన గణితమును నిలుపుటకు ఒప్పుకొనలేదు. ఈ వివేకము వీరశైవులకును అనుసరణీయము.

ఎందుకనగా శాస్త్రము కదలుచుండును. 1948లో హాయిల్ మొదలగువారు విశ్వమునకు ఆరంభమే లేదను స్థిరస్థితి వాదమును ప్రతిపాదించిరి. మన దేశీయుడైన జయంత్ నార్లీకర్ హాయిల్‌తో కూడి పరిశోధనలు చేసెను. నాడు ఎవరైనను "శివుడు అనాది, విశ్వమును అనాది, ఇదిగో శాస్త్రప్రమాణము" అని చాటియుండినచో, 1965లో ఆ రొద వినబడిన నాడు వారి శివుడు కూడ ఓడవలసి వచ్చెడివాడు. అంతటితో హాయిల్ గొప్పతనము తగ్గలేదు. నక్షత్రములందు మూలకములు ఎట్లు వండబడునో 1957లో తన సహచరులతో కలసి వివరించినవాడు ఆయనయే. ఒకచోట తప్పినవాడే మరియొకచోట ఒప్పు చెప్పెను. నార్లీకర్ 2025లో కన్నుమూసెను. మహావిస్ఫోట వాదమును ప్రశ్నించుట ఆయన మానలేదు. విస్తరణ వేగము హెచ్చుచున్నదని 1998లో తెలిసినది. కంటికి, యంత్రమునకు అందు సాధారణ పదార్థము విశ్వమున ఇంచుమించు ఇరువదవ పాలే యని, మిగిలినది ఏమో ఇంకను తెలియదని శాస్త్రజ్ఞులే ఒప్పుకొనుచున్నారు. తెలియదని చెప్పుట వారికి అవమానము కాదు. అల్లముని బయలును నేటి భౌతికశాస్త్రపు శూన్యప్రదేశమును ఒకటే యని చెప్పుట అల్లమునికి గౌరవము కాదు, భౌతికశాస్త్రమునకును గౌరవము కాదు.

భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమున ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాలేశ్వరుడు, కాలస్వరూపుడైన యముని పేర వెలసినది. రెండవది ముక్తేశ్వరుడు. కాలమును లెక్కించుట, అందు జరిగిన మార్పులను శోధించుట శాస్త్రము పని. ఆ కాలమునందే పుట్టి గిట్టు జీవుడు దేనిని ఆశ్రయించి బంధము తెంచుకొనవలెనో తెలుపుట ధర్మము పని. కాలేశ్వరుని ముక్తేశ్వరుడని పిలిచినచో పూజ తారుమారగును. కాలేశ్వరుని తొలగించి ముక్తేశ్వరుని మాత్రమే నిలుపవలెనని పట్టుబట్టినచో పానవట్టమే పగులును. భక్తుడు రెండింటికిని నీరు పోయును.

రెండును వేరు వేరు పనులైనచో వాని మధ్య సంబంధమే లేదా యని శంక కలుగవచ్చును. కలదు. అది ఆచరణమునందు కలదు.

బసవేశ్వరుని కల్యాణమున అనుభవమంటపము నెలకొన్నది. శూన్యసింహాసనమున అల్లమప్రభువు అధిష్ఠించెను. అక్క మహాదేవి అచటికి వచ్చినప్పుడు ఆయన పూలమాలతో స్వాగతింపలేదు, ప్రశ్నలతో స్వాగతించెను. ఆమె ప్రతి ప్రశ్నకును నిలిచి బదులు చెప్పెను. ఆ ప్రశ్నోత్తరములను శూన్యసంపాదనము పవిత్ర గ్రంథముగా భద్రపరచినది. ప్రశ్నను పవిత్రగ్రంథముగా పూజించు సమాజము తన పిల్ల అడిగిన ప్రశ్నకు కసరుట తగునా?

రెండవది గ్రహణముల మాట. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు జాపాల్ రంగాపూర్ వేధశాల వద్ద శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించుచుండగా, అదే వేళ ఎన్నియో ఇండ్లలో తలుపులు బిగించుకొని, వండిన అన్నము పారబోసిరి. లింగధారికి జనన, మరణ, రజ, ఉచ్ఛిష్ట, జాతి సూతకములు ఐదును లేవని శరణుల శాసనము. నిరంతరము లింగముతో కూడియున్న దేహమునకు చంద్రుని నీడ మైల యగునా? కంటికి హాని కలుగకుండ తగిన అద్దములతో పిల్లలకు గ్రహణమును చూపుటయే శరణధర్మమునకు తగిన పని.

మూడవది అన్నింటికంటె కష్టమైనది. బయ్యారపు ఇనుము, చర్మకారుని నెత్తుటి ఇనుము, మఠాధిపతి నెత్తుటి ఇనుము ఒకే తీరు కొలిమిలలో పుట్టినవి. శాస్త్రము ఇంతవరకే చెప్పి ఊరకుండును. "కావున సమానముగా చూడుడు" అని అది ఆజ్ఞాపింపదు. ఆ ఆజ్ఞ బసవన్నది. ఆయన మాదార చెన్నయ్యను తన పెద్దగా చెప్పుకొనెను. మడివాలు మాచయ్య బట్టలుతికెను, ఆయన యెదుట రాజును తల వంచవలసి వచ్చెనని బసవపురాణము కొనియాడినది. శాస్త్రము చేసిన మేలు ఒకటి కలదు. పుట్టుకతో హెచ్చుతగ్గులున్నవని చెప్పువారికి పదార్థమునందు సాక్ష్యము దొరకకుండ చేసినది. అట్లుండగా లింగధారుల ఇండ్లలోనే ఇంకను శాఖలు, ఉపశాఖలు లెక్కించి పంక్తి వేరు చేయుట, సంబంధములు కాదనుట కనిపించుచున్నది. "సర్వము శివునినుండియే పుట్టినది" అను తాత, వాకిట నిలిచిన గని కార్మికునికి వేరే గ్లాసులో నీరిచ్చినచో, ఆ పిల్ల ఆయన మాటను విశ్వసించుట మానుటకు బడిపాఠము అక్కరలేదు. ఆ గ్లాసు చాలును. సృష్టివాదమునకు నిజమైన పరీక్ష అక్కడ జరుగును. పిల్లలు ధర్మమును విడుచుట మహావిస్ఫోటమును విని కాదు. చెప్పిన మాటకును చేసిన పనికిని పొత్తు కనిపింపక విడుచుచున్నారు.

కావున తాత ఆ పిల్లకు చెప్పదగిన బదులు ఇట్లుండవచ్చును: "బిడ్డా, బడిలో చెప్పినది శ్రద్ధగా నేర్చుకొనుము. అది ఎందరో ఏండ్ల తరబడి శోధించి తెలిసికొన్నది. రేపు వారే దానిని సరిదిద్దినచో ఆ దిద్దుబాటును నేర్చుకొనుము. ఈ లింగము ఆ లెక్కకు పోటీ కాదు. ఇంత పెద్ద జగత్తు నీ అరచేతికి పరాయిది కాదని ఇది నీకు గుర్తు చేయును. నీవు దానినుండి వచ్చితివి, ఎదుటివాడును దానినుండియే వచ్చెను. ఆ యెరుకతో పనిచేయుటయే కాయకము, పంచిపెట్టుటయే దాసోహము." ఈ మాటలో అసత్యము లేదు. పిల్ల ఎంత చదివినను దీనిని విడువవలసిన అవసరము రాదు.

మఠములు చేయదగిన పనియు ఒకటి కలదు. మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి గనుక ఆ రాత్రి ఆకాశమున వెన్నెల అడ్డుండదు. జాగరణకు కూడిన పిల్లలను రాత్రి ఎనిమిది గంటల వేళ మఠపు ఆవరణలోనికి పిలిచి, దీపములు కొంతసేపు ఆర్పి, ఆకాశమును చూపవలెను. నడినెత్తికి కొంచెము దక్షిణముగా వరుస తీరిన మూడు చుక్కలు కనిపించును. వానికి ఈశాన్యముగా ఎఱ్ఱగా వెలుగునది ఆర్ద్రా నక్షత్రము. దానికి అధిదేవత రుద్రుడని జ్యోతిషము చెప్పును. అది వయసు మళ్లిన పెద్ద నక్షత్రమనియు, రాబోవు లక్ష సంవత్సరములలోపల అది విచ్చిపోయి తాను వండిన మూలకములను ఆకాశమున వెదజల్లుననియు ఖగోళశాస్త్రజ్ఞుల అంచనా. దాని వెలుగు భూమికి చేరుటకు ఐదారు వందల సంవత్సరములు పట్టును. ఈనాడు కంటికి తగులు ఆ వెలుగు బయలుదేరునాటికి బమ్మెరలో పోతనగారు తాటియాకుపై గంటము పట్టియుండవచ్చును. ఆ పిల్లలు ఇంకను ప్రశ్నలు వేయుదురు. తెలిసినవానికి బదులు చెప్పి, తెలియనివానికి తెలియదని చెప్పి, అందరిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి ప్రసాదము పెట్టవలెను.

శరణు శరణార్థి.